మూడు మెట్లు కింద

మా అమ్మ పంతొమ్మిదేళ్ళు పాడలేదు. స్నానాల గదిలో కూడా పాడలేదు. ఆ ఎండాకాలం మొదట్లో మా మావయ్య గిటారు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడేదాకా, ఆవిడ ఒకప్పుడు పాడేదన్న సంగతి నాకు రికార్డు అట్ట మీది ఫొటో వల్లా, ఎప్పుడైనా రేడియోలో వచ్చే పాటల వల్లా మాత్రమే తెలుసు. ఆ ఫొటోలో నలుగురుంటారు. జుట్టు విరబోసుకుని, ఎవరో తన కాలు తొక్కినట్టు చూస్తున్నది అమ్మ. వెనక డ్రమ్ము మీద గడ్డం ఆనించి నవ్వుతున్నది నాన్న. పక్కన గిటారుతో అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య. చివర బేస్ గిటారు పట్టుకుని నేలచూపులు చూస్తున్నాయన్ని అందరూ ముని అంటారు. ఆయన రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఐదోది ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టే.

ఫొటో తరవాత వాళ్ళ బతుకులు వేరయ్యాయి. అమ్మ డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. రెండు వైపులా బ్రేకులున్న చిన్న కారులో పక్క సీట్లో కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా “అద్దం చూడు, అద్దం చూడు” అని అరుస్తుంది. నాన్న ఇంటింటికీ వెళ్ళి వాషింగ్ మెషిన్లు బాగుచేస్తాడు. మూత మీద అరచెయ్యి పెట్టి, తిరిగే లయని బట్టి లోపల ఏది పోయిందో చెప్పేస్తాడు. నేను టికెట్లు అమ్మే కంపెనీలో ఫోన్లు ఎత్తుతాను. ముగ్గురం కడుపులో చల్ల కదలకుండా బతుకుతున్నాం.

“అక్కా” అన్నాడు మావయ్య గుమ్మంలోంచి.

అమ్మ తలుపు పూర్తిగా తియ్యలేదు. “జుట్టంతా ఏమైందిరా?”

“నీ మీద బెంగతో ఊడిపోయింది.”

“బెంగ పుట్టడానికి పంతొమ్మిదేళ్ళు పట్టిందన్నమాట.”

మావయ్య ఆ తలుపు సందులోంచే విషయం చెప్పాడు. ఒక కంపెనీవాళ్ళు వచ్చారట. పాత నలుగురూ మళ్ళీ కలిస్తే పెద్ద పెద్ద మైదానాల్లో పన్నెండు కచేరీలు పెడతారట. మొదటి రెండూ మన ఊళ్ళోనే. ముని ఒప్పుకున్నాడట.

“వాడు కాదనాలన్నా నోరు విప్పాలిగా” అంది అమ్మ. కాసేపు మావయ్యని ఎగాదిగా చూసింది. “నా మైకు ఎవరి చేతిలో ఉంటుంది?”

“నీ చేతిలోనే అక్కా.”

“అయితే లోపలికి రా. గిటారు గోడకి ఆనించకు, సున్నం రాలుతుంది.”

ఆ మైకు సంగతి నాన్న ఆ సాయంత్రం నాకు చెప్పాడు. బ్యాండు ఆఖరి కచేరీలో, అందరికీ నోటికొచ్చిన ఆ పెద్ద పాటలో పైకెళ్ళే చోట, అమ్మ గొంతు పట్టేసింది. మావయ్య సౌండు చూసే అతనికి సైగ చేసి ఆవిడ మైకు ఆపించేసి మిగతా పాట తనే పాడేశాడు. జనం గమనించనేలేదు, చప్పట్లు కొట్టారు. అమ్మ మాత్రం పాట మధ్యలోనే స్టేజి దిగిపోయింది. కచేరీ కాపాడానని మావయ్య, పరువు తీశాడని అమ్మ. అప్పటినుంచీ ఉప్పూ నిప్పూ.

“నువ్వు ఎవరి వైపు నాన్నా?” అన్నాను.

“అక్కాతమ్ముళ్ళ మధ్య బావ గోడ మీద పిల్లి. ఎటు దూకినా కుక్క ఉంటుంది” అన్నాడు నాన్న.

నేను అమ్మ వైపు. అప్పుడూ, ఇప్పుడూ.

* * *

రిహార్సలు ఒక కుర్చీల గోడౌనులో పెట్టారు. మొదటి రోజు నేనూ వెళ్ళాను. మూడు పాటలు బాగానే నడిచాయి. నాలుగోది ఆ పెద్ద పాట. పైకెళ్ళే చోటు రాగానే అమ్మ నోరు తెరిచింది, గాలి వచ్చింది, స్వరం రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అంతే. మూడోసారి చెయ్యెత్తి ఆపించింది.

“పంతొమ్మిదేళ్ళు అరిచాను కదా, గొంతు దిగింది” అంది, టైరులో గాలి తగ్గిందన్నంత మామూలుగా. “మూడు మెట్లు దించండి.”

గిటారు మెడ మీద అడ్డంగా ఇనప బద్దలుంటాయే, అవే మెట్లు. మూడు మెట్లు దించడమంటే పాట మొత్తాన్ని అంత కిందికి తేవడం. గొంతుకి అది సుఖం. గిటారుకి కాదు.

“కుదరదక్కా” అన్నాడు మావయ్య. “పాట మొదట్లో అర నిమిషం నేను వాయించేది ఉందే, అది వేళ్ళతో నొక్కకుండా వదిలేసిన తీగల మీద ఉంది. అంత కిందికి దించితే తీగలు బట్టలారేసిన తాడులా వేలాడతాయి. జనం దాని కోసమే వస్తారు.”

“నీ తీగల కోసమా?”

“నీ గొంతు కోసం కూడా.”

నాన్న మధ్యలో దూరాడు. “డ్రమ్ముకి ఆ బాధ లేదు. ఎన్ని మెట్లు దించినా నా దెబ్బ నా దెబ్బే.” ఎవరూ నవ్వలేదు. ముని గొంతు సవరించుకుని, “దించొచ్చు” అన్నాడు. ఆ రోజుకి ఆయన మాట అదొక్కటే. మావయ్య ఆయన వంక కొరకొరా చూశాడు.

ఈ పేచీకి పరిష్కారం కచేరీలు పెట్టే కంపెనీ మేనేజరు తెచ్చాడు. నున్నగా దువ్విన మనిషి. ఎండలో నిలబడ్డా చెమట పట్టేది కాదు. ఎవరినీ కసురుకోడు, అదే ఆయనతో చిక్కు.

“మేడం, ముందు వరస టికెట్ ఎంతో మీకు తెలుసా?”

“మీరు చెప్పలేదుగా.”

చెప్పాడు. అమ్మ నెలంతా అద్దం చూడు, అద్దం చూడు అని అరిస్తే వచ్చే జీతానికి ముందు వరసలో ఒక్క కుర్చీ వస్తుంది. మేనేజరు తాపీగా వేళ్ళు మడుస్తూ వివరించాడు. లారీలు, తెరలు, లైట్లు, మైదానం అద్దె, కాపలావాళ్ళు. రికార్డులు ఎవరూ కొనడం లేదు కాబట్టి వచ్చేదేదో టికెట్టు మీదే రావాలి.

“అంత పెట్టి వచ్చేవాళ్ళు మీ ఇప్పటి గొంతు కోసం రారు మేడం. ఏమీ అనుకోకండి. వాళ్ళకి పాతికేళ్ళ కిందట విన్నదే కావాలి. రికార్డులో మీ గొంతు శుభ్రంగా ఉంది. అన్ని పాటలకీ అది వేసేద్దాం. బ్యాండు పాత శ్రుతిలోనే వాయిస్తుంది. మీరు ముందు నిలబడి పెదాలు కలిపితే చాలు.”

“దానికి నేనెందుకు? నా ఫొటో నిలబెట్టండి.”

“మీరు కనబడాలి కదా మేడం.”

అమ్మ తమ్ముడి వైపు చూసింది. మావయ్య గిటారు మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు. ఆ క్షణాన నాకు ఆయన మీద అసహ్యం వేసింది. దాచుకోవడమెందుకు.

* * *

టికెట్ల అమ్మకం మొదలైన రోజు మా ఆఫీసు చేపల బజారులా ఉంది. మా కంపెనీలో ధరకి నిలకడ లేదు. ఎంతమంది ఎగబడితే అంత పెరుగుతుంది. కుర్చీ ఎంచుకున్నప్పుడు ఒక ధర, కార్డు నంబరు కొట్టేలోపు ఇంకో ధర. జనం ఫోన్ చేసి తిట్టేవాళ్ళు. మేం ఏం చెప్పాలో కాగితం మీద రాసి ఇచ్చారు: “మీరు చూసిన ధర ఆ క్షణానికే వర్తిస్తుందండీ.” ఆ ఒక్క ముక్కా పొద్దున్నుంచి వందసార్లు అని ఉంటాను. నేను ఎవరి కూతుర్నో అక్కడ ఎవరికీ తెలియదు. తెలిస్తే టికెట్లడుగుతారని నేనే చెప్పలేదు.

మధ్యాహ్నం ఒకావిడ ఫోన్ చేసింది. తిట్టలేదు. ఆసుపత్రిలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుందట. ఎంతో కష్టపడి ఒక టికెట్టు దొరికించుకుంది, దాని మీద ‘స్తంభం అడ్డం’ అని రాసి ఉంది, అంటే ఏమిటమ్మా అని అడిగింది.

“మీ ముందు పెద్ద స్తంభం ఉంటుందండీ. స్టేజి సరిగ్గా కనబడదు. అందుకే కొంచెం తక్కువ ధర.”

“ఇదే తక్కువా?” అని చిన్నగా నవ్వింది. “కనబడకపోతే పోనీలే. ఆవిడ గొంతు వినబడుతుంది కదా? ఇరవయ్యేళ్ళుగా ఇస్త్రీ బల్ల దగ్గర రేడియోలో వింటున్నానమ్మా. ఒక్కసారి మనిషి పాడుతుండగా వినాలని.”

కాగితం మీద దీనికీ జవాబుంది. “స్పష్టంగా వినబడుతుందండీ” అన్నాను.

“చల్లగా ఉండు తల్లీ” అని ఫోన్ పెట్టేసింది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తరవాత వచ్చిన ఫోను రెండుసార్లు మోగాక గానీ ఎత్తలేకపోయాను.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ వంటింట్లో బంగాళాదుంపలు చెక్కుతోంది. నిలబడే చెప్పాను. అమ్మ చేతులు ఆగలేదు.

“స్తంభం వెనకా?”

“అవును.”

“ఎంత పెట్టిందట?”

చెప్పాను. అప్పుడు చాకు కింద పెట్టింది. “ముందు వరసవాళ్ళకి కనీసం నా మొహమన్నా కనబడుతుంది. ఆవిడకి నోరాడించడం కూడా కనబడదు. ఇక ఆవిడకి మనం అమ్మింది ఏమిటి? ఇంట్లో ఉన్న రికార్డే కదా?”

నాన్న తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. “సంతకాలు పెట్టేశాం కదే.”

అమ్మ చేతులు తుడుచుకుని ఒప్పందం కాగితాలు తెచ్చింది, కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివింది. దుంపలు నీళ్ళలో అలాగే ఉండిపోయాయి. పదకొండో పేజీలో దొరికింది: సౌండు విషయంలో తుది నిర్ణయం కంపెనీదే.

“చూశావా” అన్నాడు నాన్న.

“చూశాను. స్టేజి ఎక్కాలని ఉంది. అన్ని పాటలకీ నిలబడాలని ఉంది. పాడకూడదని ఎక్కడుంది?”

“నీ మైకు ఆపేస్తారు.”

“ఆపుకోనీ. నేను పాడతాను. ముందు వరసకైనా గాల్లో చేరుతుంది.”

“బ్యాండంతా పైన వాయిస్తుంటే నువ్వు మూడు మెట్లు కింద పాడతావా? చెవులు ఊరుకుంటాయా? పిచ్చెక్కుతుంది.”

“అలవాటు చేసుకుంటాను” అంది అమ్మ, దుంపలు మళ్ళీ చేతిలోకి తీసుకుని. “అంత డబ్బు తీసుకుని నోరాడించి రాలేను. మొన్న మేనేజరు అన్నదీ అదే కదా, అంత పెట్టి వస్తారు కాబట్టి అని. నేనూ అదే అంటున్నాను.”

పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. నాన్న నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు గానీ, మొహంలో దిగులు లేదు. పెళ్ళిచూపులనాటి మొహం పెట్టాడు, ముసలాడు.

* * *

తరవాత ఐదు వారాలూ ఇలా గడిచాయి. గోడౌనులో రిహార్సలప్పుడు అమ్మ ఎదురు చెప్పకుండా ఆపేసిన మైకు ముందు నిలబడి పెదాలు కలిపేది. “మేడం సర్దుకున్నారు” అని మేనేజరు సంబరపడ్డాడు. సాయంత్రం అమ్మ శిష్యులందర్నీ పంపేసి, లైసెన్సు పరీక్షలు పెట్టే ఖాళీ మైదానానికి కారు తీసుకెళ్ళేది. అద్దాలు బిగించి, కారు స్పీకర్లలో పాత రికార్డు పెట్టి, దాని మీద తను మూడు మెట్లు కింద పాడేది. ప్లాస్టిక్ శంకుల మధ్య ఎనిమిది అంకె తిప్పుతూ పాడేది. చెవి పాతదాని వైపు లాగితే స్వరం జారేది. జారగానే బ్రేకు వేసేది. మళ్ళీ మొదటినుంచి.

నేను గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. మొదటి వారం వినలేకపోయాను, నిజం చెప్పాలంటే. ఇద్దరు అప్పచెల్లెళ్ళు ఒకే కుళాయి దగ్గర పోట్లాడుకుంటున్నట్టు ఉండేది. ఒకరిది పాతికేళ్ళ గొంతు, ఒకరిది యాభై. రెండో వారానికి బ్రేకులు తగ్గాయి. నాలుగో వారానికి నేను పాత గొంతు వినడం మానేశాను, అది అక్కడే మోగుతున్నా. అమ్మది కొంచెం జీరగా, అడుగున బరువుగా ఉండేది. అంత పొగరుగా మాత్రం లేదు, అబద్ధం ఎందుకు. కానీ ఆ పాటలో ‘నేను వెళ్ళను’ అనే మాట ఒకటుంది. ఫొటోలోని ఆనాటి అమ్మ రికార్డులో దాన్ని కసిగా అనేది. ఇప్పటి అమ్మ అంటే నమ్మబుద్ధేసేది.

ఐదో వారంలో ఒకరోజు మావయ్య వచ్చాడు. స్టేజి బట్టలు కుట్టించాలి, అక్క కొలత కనుక్కుందామని. నా పక్కన నిలబడ్డాడు. కారు శంకుల చుట్టూ తిరుగుతోంది. మూసిన అద్దాల్లోంచి రెండు గొంతులూ వస్తున్నాయి. మావయ్య తన బూట్ల వంక చూస్తూ రెండు పాటలు పూర్తిగా విన్నాడు.

“రికార్డు పెట్టుకుని దాని కింద పాడుతోందా?” అన్నాడు మెల్లగా.

“మైకు ఆపినా పాడుతుందట. అందుకని చెవికి అలవాటు చేసుకుంటోంది.”

“ఎన్నాళ్ళనుంచి?”

“ఐదు వారాలు.”

అమ్మ కారు మలుపు తిప్పేసరికి ఆయన గేటు దాటుతున్నాడు. “కోడలా, నేనొచ్చానని అక్కకి చెప్పకు” అన్నాడు వెనక్కి తిరిగి. కొలత అడగడం మర్చిపోయాడు.

* * *

కచేరీ సాయంత్రం ఇంకా వెలుతురుండగానే మైదానం నిండింది. నేను సెలవు పెట్టి, అమ్మ ఇచ్చిన పాసుతో మైదానం మధ్యలో సౌండువాళ్ళ కోసం కట్టిన చెక్క గట్టు పక్కన నిలబడ్డాను. అక్కడ సౌండు చూసే లావుపాటాయన, ఆయన వెనక మన మేనేజరు. బల్ల మీద ఉన్నవాటిలో ముఖ్యమైనవి రెండు నాకు తెలుసు. పాత గొంతు ఉన్న కంప్యూటరు ఒకటి. అమ్మ మైకు తాలూకు మీట ఇంకొకటి. దాన్ని అడుగంటా కిందికి లాగి, కదపకుండా టేపు అతికించారు.

ముందు వరసల్లో ఖరీదైన చొక్కాలు. వెనక గ్యాలరీల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. అక్కడక్కడా స్తంభాలు. ఇస్త్రీ చేసే ఆవిడ వాటిలో ఏదో ఒకదాని వెనక ఉండి ఉంటుంది. అమ్మ పాడుతుంది, అది ఎవరికీ చేరదు, ఆవిడకి అసలు చేరదు. ఐదు వారాల ఆ మొండితనం అంతా ముందు వరసలో పదిమంది వింతగా చూడటంతో సరి.

నలుగురూ స్టేజి మీదికి వచ్చారు. జనం అరుపులకి గట్టు చెక్కలు అదిరాయి. మొదటి పాట అదే పెద్ద పాట. అది ముందు మావయ్య ఒక్కడే మొదలుపెడతాడు, అర నిమిషం.

తీగ మీద చెయ్యి వేశాడు.

నాకు సంగీతం రాదు. కానీ ఆ మోతని ఐదు వారాలు కారు బయట కూర్చుని విన్నాను. అది ఉండాల్సిన చోట లేదు. కిందికి దిగి ఉంది, ముదురుగా, కడుపులో తగిలేట్టుగా. తాడులా వేలాడటం లేదు. లావుపాటాయన కుర్చీలో నిటారుగా అయ్యాడు. ముని అందుకున్నాడు. ఆయనా అక్కడే, కిందే ఉన్నాడు. నాన్న ఒక్క క్షణం బిత్తరపోయి, చెవిలో రికార్డు లయ వినిపించే బిరడా పీకి భుజం మీద వదిలేసి, తన లయలో కొట్టడం మొదలుపెట్టాడు. నాన్నకి ముందు చెప్పలేదట. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని వాళ్ళిద్దరికీ తెలుసు.

అమ్మ వెనక్కి తిరిగి తమ్ముడి వైపు చూసింది. మావయ్య తలెత్తలేదు. తన వేళ్ళే చూసుకుంటూ వాయిస్తున్నాడు.

“పాట వెయ్యి” అన్నాడు మేనేజరు.

“వెయ్యలేను సార్. బ్యాండంతా మూడు మెట్లు కింద ఉంది. ఇప్పుడు ఇది వేస్తే రెండు బళ్ళు గుద్దుకున్నట్టుంటుంది.”

“వాళ్ళని పైకి వాయించమను.”

“తీగలే దించేశారు. మళ్ళీ ఎక్కించాలంటే షో ఆపాలి.”

మేనేజరు ముందు వరస వైపు చూశాడు. ఒక్కో కుర్చీకి ఒక్కో నెల జీతం పోసినవాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ ముందు షో ఆపే గుండె ఆయనకి లేదు. జేబురుమాలు తీశాడు. ఆ ఎండాకాలం మొత్తం మీద ఆయనకి చెమట పట్టగా చూసింది నేను అప్పుడే.

లావుపాటాయన ఇంక ఆయన్ని అడగలేదు. టేపు ఊడబీకి, మీట పైకి తోశాడు.

అమ్మ పాడింది.

పాట మొదటి పాదానికి మైదానంలో గందరగోళమైంది. వెంట పాడదామని పాత ఎత్తులో గొంతెత్తినవాళ్ళు తడబడ్డారు. కొందరు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరో ఈల వేశారు, మెచ్చుకోలుదో వెక్కిరింతో తెలియలేదు. అమ్మ కళ్ళు ఎటూ తిప్పలేదు. ఎదురుగా లారీ వస్తున్నప్పుడు పక్కవాడి స్టీరింగు పట్టుకునే మొహం అది, నాకు తెలుసు. రెండో పాదానికి వెంట పాడేవాళ్ళు ఆవిడ దగ్గరికి దిగారు. మూడో పాదానికి ఇంకా ఎక్కువమంది. నా పక్కన యాభై దాటిన ఒకాయన నరాలు ఉబ్బకుండా, హాయిగా, గట్టిగా పాడుతున్నాడు. ఆ పైస్వరం పాతికేళ్ళ కిందట ఆయనకీ అంది ఉంటుంది, ఇప్పుడు అందదు. అందరి గొంతులూ దిగాయి. దించినది అమ్మ ఒక్కతే కాదని అప్పుడు తెలిసింది.

పైకెళ్ళే చోటు వచ్చింది. మావయ్య అప్పుడు మాత్రం తలెత్తి చూశాడు. అమ్మ ఆ స్వరం పట్టుకుని, కావలసినంత సేపు ఉంచి, తనకి తోచినప్పుడు వదిలింది. నేను ఏడ్చాను. సౌండు గట్టు మీద అందరి ముందూ, ముక్కు చీదుకుంటూ.

కచేరీ అయ్యాక స్టేజి వెనక అమ్మ మావయ్య ముందుకి వెళ్ళి నిలబడింది. ఏదో పెద్ద మాటే అంటుందనుకున్నాను.

“లావు తీగలా?” అంది అమ్మ.

“ఊఁ. మామూలువైతే వేలాడతాయిగా. పొద్దున మార్చాం, నేనూ మునీ.”

అమ్మ ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని వెలుతురు కిందికి లాగింది. నాలుగు వేళ్ళ కొసలూ కోసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. “శనివారం రెండో కచేరీ నాటికి ఇవి మానాలి. మందు రాయించుకో” అంది. “హోటలుకి వెళ్ళక్కర్లేదు, ఇంట్లో సోఫా ఖాళీగానే ఉంది.”

అంతే. క్షమాపణలూ లేవు, కన్నీళ్ళూ లేవు. పంతొమ్మిదేళ్ళ గొడవకి ఇంత చప్పటి ముగింపా అని నాకు కాస్త కోపం కూడా వచ్చింది. ముని సామాను సర్దుకుంటూ, “చెప్పాగా” అన్నాడు, ఎవరితోనో తెలియదు.

* * *

మర్నాడు పొద్దున నా డ్యూటీ ఉంది. నేను బయల్దేరేసరికి మావయ్య సోఫా మీద కాళ్ళు బయటికి చాపి గురక పెడుతున్నాడు. అమ్మ అప్పటికే వెళ్ళిపోయింది. ఎవరో శిష్యుడికి ఆ రోజు లైసెన్సు పరీక్షట, మానేస్తే వాడు ఫెయిలవుతాడట.

ఆఫీసులో ఫోన్లు మోగుతున్నాయి. మెచ్చుకునేవాళ్ళు ఫోన్లు చెయ్యరు, అది లోకం తీరు. పదింటికి ఒకాయన దొరికాడు. మర్యాదగానే మొదలుపెట్టాడు.

“మోసం జరిగిందండీ. నాకు నా డబ్బు వెనక్కి కావాలి.”

“ఏం జరిగిందండీ?”

“నిన్న పాడింది ఆవిడ కాదు. తెర వెనక ఇంకెవర్నో పెట్టి పాడించి, ఆవిడ చేత నోరాడించారు. ఆ గొంతు పాతికేళ్ళుగా వింటున్నాను నేను. నాకు తెలియదా? చివరి గ్యాలరీకే ఇంత ధర పెట్టి, ఇదా చేసేది?”

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆయన గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ. కాగితం మీద వెతికాను. దీనికి జవాబు లేదు. కనుక్కుని చెబుతానండీ అని నంబరు రాసుకుని, మెట్ల మీదికి వెళ్ళి అమ్మకి ఫోన్ చేశాను. అవతల కారు ఇండికేటరు టిక్కుటిక్కుమంటోంది.

“ఎడమకి. ముందు అద్దం చూడు బాబూ” అంటోంది. “ఆ, చెప్పవే.”

చెప్పాను. నిన్న పాడింది నువ్వు కాదట అని.

ఇండికేటరు ఆగింది. అమ్మ నొచ్చుకుందేమో అని భయపడ్డాను.

“ఎక్కడ కూర్చున్నాడట ఆయన?”

“చివరి గ్యాలరీ.”

“అక్కడినుంచి ఏం కనబడుతుంది పాపం. నా పాసు ఒకటుందిగా, శనివారానికి ఆయనకి రాసెయ్యి. ముందు వరసలో, సరిగ్గా నా ఎదురుగా. నా నోరు చూస్తూ వినమను. అప్పటికీ నేను కాదంటే ఆ డబ్బు నేనే తిరిగిస్తాను. బ్రేకు, బ్రేకు మీద ఉంచు కాలు.”

ఫోన్ పెట్టేసింది. నేను నా కుర్చీలోకి వచ్చి, కాగితం బోర్లా తిప్పి, ఆ నంబరు కొట్టాను.

“నేను ఆవిడ కూతుర్ని మాట్లాడుతున్నానండీ” అన్నాను.